ఇల్లు చేతులు మారినప్పుడు



ఈ పూట మన మాటలు ఒక ఇంటి అరుగు మీద మొదలుపెడదాం. వత్రాప్‌లో పడమటి కనుమల వైపు చూసే ఒక వీధి అనుకోండి. ఒక పాత పెంకుటిల్లు. ముందు అరుగు, లోపల రెండు గదులు, వెనక బావి. ఇంటి యజమాని ఎప్పుడో విరుదునగరం వెళ్లి స్థిరపడ్డాడు. ఇంట్లో బాడుగకు ఉన్న కుటుంబం వచ్చి పదేళ్లు దాటింది. పిల్లలు ఆ ఊరి బడిలోనే చదువుతున్నారు. ఒకరోజు పొద్దున్నే ఇద్దరు మనుషులు టేపు పట్టుకొని వచ్చి గోడలు కొలవడం మొదలుపెట్టారు.

"ఏమన్నా, ఏం కొలుస్తున్నారు?" అని ఇంటావిడ అడిగింది.

"ఏం లేదక్కా, ఇల్లు బేరానికి వచ్చింది. చూసిపోదామని వచ్చినాం."

"అట్లనా? మరి మేము?"

శ్రోతలారా, ఇది ఏ ఒక్కరి ఇంటి కథా కాదు, నేను ఊహించి చెప్పినది. కానీ మీలో చాలామంది ఆ అరుగు మీద ఏదో ఒక పక్క నిలబడి ఉంటారు. కొందరు ఇల్లు అమ్మినవారు, కొందరు కొన్నవారు, కొందరు లోపల పొయ్యి దగ్గర నిలబడి విన్నవారు. "మరి మేము?" అన్న ఆ ప్రశ్న మటుకు రెండువేల ఏళ్ల నాటిది. దానికి మనుషులు ఒక్కో కాలంలో ఒక్కో జవాబు చెప్పుకుంటూ వచ్చారు. ఆ జవాబులు మన కోవిల్పట్టి, విరుదునగరం వీధుల దాకా ఎలా నడిచి వచ్చాయో ఈ ప్రసంగంలో చూద్దాం.

మొట్టమొదటి జవాబు చాలా కఠినమైనది. అది పాత రోము నగరపు న్యాయం. అక్కడ బాడుగ అంటే ఇద్దరు మనుషుల మధ్య మాట మాత్రమే. ఇంటి మీద బాడుగదారుకు ఏ హక్కూ లేదు. యజమాని ఇల్లు అమ్మేస్తే, కొన్నవాడు ఆ మాట ఇచ్చినవాడు కాడు కనుక, లోపలివారిని బయటికి పొమ్మనవచ్చు. నష్టపోయిన బాడుగదారు పాత యజమానిని వెతుక్కొని పరిహారం అడగాలి. కొనుగోలు బాడుగను తెంచుతుంది అన్నది ఆ న్యాయం పేరు. అది రోముతోనే అంతరించలేదు. జర్మనీలో కొత్త పౌర స్మృతి రాసే పండితులు 1888 నాటి తొలి ముసాయిదాలో దాదాపు ఇదే సూత్రాన్ని పెట్టారు. ఓటో ఫాన్ గీర్కె వంటి న్యాయవేత్తలు దాన్ని గట్టిగా విమర్శించారు. చివరికి 1900 జనవరి 1న అమలులోకి వచ్చిన స్మృతిలో సూత్రం తలకిందులైంది. కొనుగోలు బాడుగను తెంచదు అని రాసుకున్నారు.

ఇంగ్లండు వేరే దారిలో ఇదే చోటికి చేరింది. ఆ దారి మన చట్టానికి తాతముత్తాతల దారి కనుక కొంచెం ఆగి చూద్దాం. 1536 మొదలు 1540 వరకు ఎనిమిదో హెన్రీ రాజు అక్కడి క్రైస్తవ మఠాలను మూయించి వాటి భూములను స్వాధీనం చేసుకున్నాడు. వాటిలో చాలా భాగం అమ్మేశాడు, కొంత పంచిపెట్టాడు. ఆ భూముల్లో, ఇళ్లలో వేలమంది కౌలుదారులు ఉన్నారు. వారికి కౌలు పత్రాలు రాసి ఇచ్చింది మఠాలు. మఠాలే లేవు. కొత్త యజమాని కౌలు అడిగితే "నీకూ నాకూ ఏం ఒప్పందం?" అని కౌలుదారు అనవచ్చు. కౌలుదారు మరమ్మతు అడిగితే "మాట ఇచ్చింది నేనా?" అని కొత్త యజమాని అనవచ్చు. ఈ చిక్కు విప్పడానికి 1540లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. కౌలు పత్రంలోని షరతులు కొత్త యజమానికీ వర్తిస్తాయి, కౌలుదారుకూ వర్తిస్తాయి అని ఆ చట్టం చెప్పింది. అంటే భూమి చేతులు మారితే దానితోపాటు మాట కూడా చేతులు మారుతుంది.

ఇంకొక ముడి మిగిలింది. పాత ఇంగ్లీషు ఆచారం ప్రకారం, కౌలుదారు "ఇకమీదట మీరే నా యజమాని" అని ఒప్పుకుంటే తప్ప అమ్మకం పూర్తయ్యేది కాదు. దీన్ని అటార్న్‌మెంట్ అనేవారు. 1705లో, ఆన్ రాణి కాలంలో, ఈ ఒప్పుకోలు అక్కరలేదని చట్టం చేశారు. అయితే అదే చట్టంలో కౌలుదారుకు ఒక రక్షణ కూడా పెట్టారు. అమ్మకం సంగతి తెలియక పాత యజమానికే బాడుగ కట్టినవాడి చేత మళ్లీ కట్టించకూడదు. ఈ చిన్న వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. సముద్రం దాటి అది మన దగ్గరికి వస్తుంది.

ఇప్పుడు మన సీమకు వద్దాం. విజయనగర, మదురై నాయకుల కాలాల్లో వలస వచ్చిన తెలుగువారు ఈ కరిసల్ నేలలో ఊళ్లు కట్టుకున్నారు. ఆ వలస జ్ఞాపకాలను కోవిల్పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన తెలుగింటి తమిళ రచయిత కి. రాజనారాయణన్ తన గోపల్ల గ్రామం నవలలో కథగా అల్లారు. వచ్చినవారికి మొదట కావలసింది నిలబడడానికి చోటు. ఆ చోటు ఎవరి పేరున ఉంది అన్న ప్రశ్న తరువాత వచ్చింది. కుంఫిణీ కాలంలో అది పెద్ద ప్రశ్న అయింది.

1799లో పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను కోవిల్పట్టికి దక్షిణాన ఉన్న కయత్తార్‌లో ఉరితీశారు. ఆయన పాలెం ఊళ్లను ఎట్టయపురం వంటి, కుంఫిణీకి అనుకూలంగా నిలిచిన పాలెగాళ్లకు పంచారు. ఊళ్లు ఒక చేతి నుంచి ఇంకొక చేతికి వెళ్లాయి. ఊళ్లలోని రైతులు మాత్రం పొద్దున లేచి అదే చేలోకి వెళ్లారు. 1802లో మద్రాసు రాజధానిలో శాశ్వత పైకట్టుకు రెగ్యులేషన్ వచ్చింది. జమీందారు సర్కారుకు కట్టవలసిన పేష్కష్ ఖరారైంది. బాకీ పడితే జమీ వేలానికి వచ్చేది. వేలంలో పాడుకున్నవాడు కొత్త జమీందారు. రైతు గతి ఏమిటి? దానికి తేటయిన జవాబు రావడానికి నూరేళ్లు పట్టింది. 1865 చట్టం రైతుకు పట్టా, జమీందారుకు ముచ్చిలిక అని రాతకోతలు పెట్టింది. 1908 మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం, జమీందారు ఎవరైనా సరే, రైతు భూమిలో రైతుకు స్థిరమైన అనుభవ హక్కు ఉందని చెప్పింది. 1948 చట్టం జమీందారీలనే రద్దు చేసింది.

పొలం సంగతి అలా తేలుతుండగా, ఇళ్ల సంగతి వేరే చట్టంలో నడిచింది. అది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. అందులోని 109వ సెక్షన్ చదివితే పాత ఇంగ్లండు చట్టాలు రెండూ కనిపిస్తాయి. బాడుగకు ఇచ్చిన ఇంటిని యజమాని అమ్మితే, కొన్నవాడికి పాత యజమానికున్న హక్కులన్నీ వస్తాయి. బాడుగదారు కోరితే పాత యజమాని బాధ్యతలూ కొన్నవాడి మీద పడతాయి. అమ్మకానికి ముందు నాటి బాడుగ బాకీ, వేరే ఒప్పందం లేకుంటే, పాత యజమానిదే. అమ్మకం సంగతి తెలియక పాత యజమానికి బాడుగ కట్టినవాడు మళ్లీ కట్టనక్కరలేదు. 1705 నాటి వాక్యం అదే.

అంటే మన అరుగు మీద అక్క అడిగిన ప్రశ్నకు 1882లో వచ్చిన జవాబు ఇది: ఇల్లు అమ్ముడుపోతుంది, బాడుగ అమ్ముడుపోదు. కొన్నవాడు గోడలతోపాటు పాత యజమాని ఇచ్చిన మాటనూ కొంటున్నాడు.

కొనేవాడికి కూడా ఒక పాఠం ఉంది. "లోపల ఎవరో ఉన్నారని నాకు తెలియదు, పత్రంలో రాయలేదు" అంటే చెల్లుతుందా? 1809లో ఇంగ్లండులో డేనియల్స్ అనే బాడుగదారు, డేవిసన్ అనే యజమాని పేర్లతో ఒక దావా నడిచింది. బాడుగదారుతో ఆ ఆస్తినే అమ్ముతానని యజమాని ముందే ఒప్పందం చేసుకున్నాడు. తరువాత ఇంకొకరికి అమ్మాడు. రెండోసారి కొన్నాయన తనకు ఆ ఒప్పందం తెలియదన్నాడు. లార్డ్ ఎల్డన్ ఒప్పుకోలేదు. లోపల మనిషి ఉన్నాడు కదా, ఆయన ఏ హక్కు మీద ఉన్నాడో అడిగి తెలుసుకోవలసింది నువ్వే అన్నది ఆ తీర్పు సారం. 1929లో మన ఆస్తి బదలాయింపు చట్టాన్ని సవరించినప్పుడు ఈ సూత్రాన్ని మూడో సెక్షన్‌లోనే చేర్చారు. స్థిరాస్తిలో నిజంగా కాపురం ఉన్న మనిషికి ఏ హక్కు ఉందో, అది కొనేవాడికి తెలిసినట్టే లెక్క. ఆరేసిన బట్టలు, వెలిగే పొయ్యి, వాకిట్లో ముగ్గు, ఇవన్నీ కొనేవాడికి ఇచ్చిన నోటీసే.

ఇంత చెప్పాక ఒక లోపం కూడా చెప్పాలి. బాడుగ తెగదు అన్నంత మాత్రాన అది ఎల్లకాలం ఉంటుందని కాదు. నెలవారీ బాడుగను 15 రోజుల నోటీసుతో ముగించవచ్చని అదే 1882 చట్టంలోని 106వ సెక్షన్ చెబుతుంది. పాత యజమానికున్న ఆ హక్కు కొత్త యజమానికీ వస్తుంది. నోటీసు గడువు దాటినా బలవంతంగా సామాను బయట పడేయడానికి వీల్లేదు, కోర్టుకే వెళ్లాలి. న్యాయమార్గం తప్పి వెళ్లగొడితే ఆరు నెలల్లోగా దావా వేసి తిరిగి స్వాధీనం పొందవచ్చునని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం చెబుతుంది. కానీ పేదవాడికి కోర్టు దూరం. పట్టణాల్లో ఇళ్ల కరువు వచ్చినప్పుడు ఈ 15 రోజుల నోటీసు కత్తిలా తోచింది.

ఆ కరువు మొదటి ప్రపంచ యుద్ధం తరువాత మద్రాసులో మొదలైంది. ఒకరి స్థలాన్ని బాడుగకు తీసుకొని దాని మీద సొంత ఖర్చుతో ఇల్లు కట్టుకున్నవారు నగరంలో ఎందరో ఉండేవారు. సరిగా బాడుగ కడుతుంటే కదిలించరన్న నమ్మకంతో కట్టారు. స్థలాల ధరలు పెరిగేసరికి ఆ నమ్మకం కూలింది. అందుకే మద్రాసు నగర బాడుగదారుల రక్షణ చట్టం 1922లో వచ్చింది. కట్టడానికి పరిహారం అడిగే హక్కును, తగిన ధర కట్టి ఆ స్థలాన్నే తనకు అమ్మించమని కోర్టును కోరే హక్కును ఆ చట్టం ఇచ్చింది. తరువాత అది మునిసిపల్ పట్టణాలకూ పాకింది.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకొక మలుపు. 1941లో భారత రక్షణ నిబంధనల కింద మద్రాసు ప్రభుత్వం ఇళ్ల బాడుగల మీద అదుపు పెట్టింది. యుద్ధం ముగిసినా అదుపు ముగియలేదు. 1946లో ఒక చట్టం, 1949లో ఒకటి, చివరికి 1960లో 18వ చట్టం వచ్చాయి. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ కూడా దాదాపు ఇలాంటి చట్టమే చేసుకుంది. మునిసిపాలిటీ పట్టణాలకు 1960 చట్టం వర్తించింది. మిగతా చోట్లకు ప్రభుత్వం ప్రకటిస్తేనే వర్తించేది.

ఆ 1960 చట్టంలో ఖాళీ చేయించడానికి కారణాల పట్టిక ఉండేది. కావాలని బాడుగ ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వడం, ఇంటిని పాడుచేయడం, యజమానికి సొంతంగా ఉండడానికి ఇల్లు లేకపోవడం, పడగొట్టి కొత్తగా కట్టడం, ఇలాంటివి. ఇల్లు అమ్మదలచుకోవడం ఆ పట్టికలో లేదు. ఇక కొన్నవాడి సంగతికి చట్టం ఒక తెలివైన షరతు పెట్టింది. బాడుగ మొదలైన తరువాత ఇల్లు కొని యజమాని అయినవాడు, క్రయపత్రం రిజిస్టరైన నాటి నుంచి మూడు నెలలు గడిచేదాకా, సొంతానికి కావాలని దరఖాస్తు పెట్టకూడదు. బాడుగదారును వెళ్లగొట్టడానికే ఇల్లు చేతులు మార్చే ఎత్తులకు అది చిన్న అడ్డుకట్ట. నిజంగా ఇల్లు కావలసిన కొనుగోలుదారుకు దారి మూయలేదు.

ఈ చట్టం ఒక పక్కకే మేలు చేసిందని చెప్పను. ఏళ్ల తరబడి పెరగని బాడుగతో, పన్ను కూడా గిట్టక, మరమ్మతు మానేసిన యజమానులూ ఉన్నారు. లోపల మనిషి ఉన్న ఇంటికి ఖాళీ ఇంటి ధర రాదు. ముసలితనంలో వైద్యానికో, కూతురి పెళ్లికో ఇల్లు అమ్మాలనుకున్న యజమానికి అది కష్టమే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. బాడుగకు ఇచ్చిన ఇల్లు అమ్మి చూడు అని కూడా చేర్చవచ్చు.

చివరకు తమిళనాడు 2017లో కొత్త చట్టం చేసింది. 2019 ఫిబ్రవరి 22 నుంచి అది అమలులోకి వచ్చి 1960 చట్టాన్ని తొలగించింది. కొత్త చట్టానికి రాత ముఖ్యం. బాడుగ ఒప్పందం రాతలో ఉండాలి, బాడుగ అధికారి దగ్గర నమోదు కావాలి. ఒప్పందం రాసుకోకపోవడమే ఖాళీ చేయించడానికి ఒక కారణంగా చట్టంలో చేరింది. అంటే పాత రోజుల్లో నోటిమాట మీద పదేళ్లు గడిపిన కుటుంబం ఇప్పుడు అదే నోటిమాట వల్ల బలహీనపడుతుంది. కొత్త యజమాని వచ్చినప్పుడు ఇది మరీ తెలుస్తుంది. పాత యజమానికి మీ ముఖం తెలుసు. కొత్తవాడికి కాగితమే తెలుసు.

ఇక్కడ మన దక్షిణ జిల్లాల సొంత పద్ధతి ఒకటి చెప్పకపోతే ఈ చరిత్ర పూర్తి కాదు. అదే ఒత్తి. భోగ్యం అనీ అంటారు. నెలనెలా బాడుగ ఉండదు. ఇంట్లో చేరేవారు ఒక పెద్ద మొత్తం యజమాని చేతిలో పెడతారు. ఆ డబ్బు తిరిగి ఇచ్చేదాకా ఇంట్లో ఉంటారు. యజమానికి డబ్బు అందుతుంది, వీరికి చోటు అందుతుంది. ఆ మొత్తం వెనక తాకట్టు పెట్టిన నగ, చీటీ పాడుకున్న డబ్బు, కొడుకు పంపిన పైసలు ఉంటాయి. 1882 చట్టం దీన్ని స్వాధీన తనఖాగా గుర్తించింది. 100 రూపాయలు, ఆపైన అయితే రిజిస్టరు చేయాలనీ చెప్పింది. రిజిస్టరైన ఒత్తి ఈసీలో కనిపిస్తుంది. ఇల్లు ఎవరు కొన్నా ఆ డబ్బు కట్టి విడిపించుకోవలసిందే. కాని స్టాంపు కాగితం మీద రాసి పెట్టెలో దాచుకున్న ఒత్తి, ఈసీలో కనిపించదు. ఇల్లు అమ్ముడైతే కొత్తవాడు "డబ్బు నాకిచ్చావా?" అంటాడు. పాతవాడు "ఇల్లు నా దగ్గర లేదు కదా" అంటాడు. లోపల కాపురం ఉండడమే నోటీసు అని వాదించవచ్చు. వాదన గెలిచే నాటికి పిల్లల చదువు అయిపోతుంది.

పదకొండు నెలల ఒప్పందాల మర్మం కూడా ఇక్కడిదే. ఏడాదికి మించిన కౌలు రిజిస్టరు కావాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు నెలలు రాసుకోవడం అలవాటైంది. రాతకు భయపడే ఆ అలవాటు, ఇల్లు చేతులు మారిన రోజున రెండు పక్కలనూ ఇబ్బంది పెడుతుంది.

ఊళ్లో రెండు మాటలు వింటుంటాం. "ఇల్లు అమ్మితే లేచిపోవలసిందే" అన్నది ఒకటి. అది రోము కాలపు మాట. "పన్నెండేళ్లు ఉంటే ఇల్లు మనదే" అన్నది ఇంకొకటి. అది మన కాలపు అపోహ. పన్నెండేళ్ల లెక్క యజమానికి ఎదురు నిలిచి, ఇది నాదే అని బాహాటంగా అనుభవించినవాడికి. బాడుగ కడుతూ ఉన్నవాడు యజమాని అనుమతితో ఉన్నవాడు, యాభై ఏళ్లయినా బాడుగదారే. నిజం ఈ రెండు మాటల నడుమ ఉంది.

మళ్లీ ఆ అరుగు దగ్గరికి వెళ్దాం. టేపు పట్టుకొని వచ్చిన మనిషి గోడలు కొలిచి వెళ్లిపోతే సగం ఇల్లే చూసినట్టు. లోపలికి వెళ్లి "అక్కా, మీరు ఎన్నాళ్లుగా ఉన్నారు? బాడుగకా, ఒత్తికా? ఎంత ఇచ్చారు? కాగితం ఉందా?" అని అడిగితేనే కొనేది ఏమిటో తెలుస్తుంది. అమ్మేవాడు ఆ లెక్కను క్రయపత్రంలోనే రాయిస్తే, అడ్వాన్సు ఎవరు తిరిగి ఇవ్వాలో, బాకీ ఎవరికి చెందాలో ఆనాడే తేలిపోతుంది. ఇల్లు అమ్మాను, ఫలానా తేదీ నుంచి బాడుగ ఫలానావారికి కట్టమని ఇద్దరూ సంతకం చేసిన ఒక ఉత్తరం బాడుగదారు చేతికి ఇస్తే, 1705 నుంచి చట్టం పడుతున్న శ్రమ అంతా ఒక్క కాగితంతో తీరుతుంది. బాడుగదారు ఆ ఉత్తరం అందేదాకా పాత రసీదులను పెట్టెలో భద్రంగా దాచుకోవాలి.

ఆ అక్క అడిగిన రెండు మాటలకు మన కాలం ఇవ్వగల జవాబు ఇది: ఇల్లు అమ్ముకునే హక్కు యజమానిది, ఇచ్చిన మాట మేరకు నిలబడే హక్కు మీది. ఒకటి రెండోదాన్ని మింగకూడదు. ఆ మాటను రాతలో పెట్టుకోవడం ఇద్దరి బాధ్యత. మన తాతలు ఈ నల్లరేగడిలో చోటు సంపాదించుకోవడానికి ఎన్ని ఊళ్లు దాటి వచ్చారో మనకు తెలుసు. చోటు విలువ తెలిసినవారి పిల్లలం మనం. ఇల్లు కొనేటప్పుడు, అమ్మేటప్పుడు లోపల ఎవరున్నారో ఒకసారి పలకరించడం మనకు పరాయి పద్ధతి కాదు.